ఉప్పునీళ్ళ వంతు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ జాలర్ల కుప్పం బడిలో ఐదో తరగతికి ఇవాళ కరెంటు పాఠం మొదలుపెట్టాను. ఒక టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, రెండు వైరు ముక్కలు. కరెంటు పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి, రెండూ ఉంటేనే బల్బు వెలుగుతుందని చెప్పి వెలిగించి చూపించాను. పిల్లలు బెంచీలెక్కి చూశారు. అంతవరకూ బ్రహ్మాండం.

అప్పుడు లేచింది ఉష. “టీచర్, ఒక తీగ చాలు. మన కుప్పంలో ఒక తీగతోనే ఎలగతా ఉండాయి లైట్లు.”

నవ్వాను. నేను నవ్వితే క్లాసంతా నవ్వుతుంది కదా. నవ్వాక కూర్చోవచ్చుగా? కూర్చోలేదు. “నిజం టీచర్, నేను చూసినా” అంది. నా ఒళ్ళు మండిపోయింది. పాఠం మంచి ఊపులో ఉన్నప్పుడు ఎవరైనా అడ్డుపడితే నాకు తిక్క లేస్తుంది, ఏం చేయను. ‘బల్బు వెలగడానికి రెండు తీగలు కావాలి’ అని ఇరవై సార్లు రాయమన్నాను.

నేను అద్దెకుండేది ఉష వాళ్ళవ్వ మాలకొండమ్మ ఇంటి ముందుగదిలోనే. సాయంత్రం చేపల పులుసు గిన్నె తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళిపోయింది ఉష. నా మొహం చూడలేదు.

ఫిబ్రవరి 5

ఉష క్లాసులో నోరు విప్పలేదు. విప్పకపోతే మానె.

ఫిబ్రవరి 7

ఉష చెప్పింది నిజమే.

మధ్యాహ్నం మాలకొండమ్మ అవ్వ చేపల బుట్ట దించి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. స్కూలు వెనక, బోరింగు పంపు పక్కన, ఇసుకలో మోకాలెత్తు ఇనప కమ్మీ పాతి ఉంది. దానికి ఒక తీగ చుట్టారు. డిసెంబరు తుఫానుకు, కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ తీగ తెగి కొట్టుకుపోయిందట. తిరిగి వేసే నాథుడు లేడు. కరెంటున్న ఆఖరి స్తంభం మా స్కూలు ముందరిదే కాబట్టి, మా వరండా ఫ్యూజు బాక్సులోంచి ఒక్క తీగ లాక్కుని గుడికీ, వలల షెడ్డుకీ, ఇళ్ళకీ ఇచ్చుకున్నారు. రెండో తీగ బదులు నేల. కరెంటు ఇసుకలోంచే వెనక్కి పోతోంది. మా క్లాసులో ఫ్యాను తిరిగేది కూడా ఆ కమ్మీ పుణ్యమే.

“మా పిల్ల అబద్ధాలాడదు టీచరమ్మా” అంది అవ్వ. అంతే అంది.

ఉషకు సారీ చెప్పాలి. కానీ పిల్లల ముందు టీచరు సారీ చెబితే ఆ తర్వాత క్లాసు చేతిలో ఉండదు. సందర్భం చూసి చెబుతాను.

ఫిబ్రవరి 12

ఇవాళ నా జీవితంలోనే మంచి క్లాసు చెప్పాననుకుంటా. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ, ఒక ఎల్ఈడీ బల్బు, గ్లాసులో మంచినీళ్ళు. వైరు కొనలు రెండూ నీళ్ళలో ముంచితే బల్బు వెలిగీ వెలగనట్టుంది. చిటికెడు ఉప్పు వేశాను. భగ్గుమంది. పిల్లల కేకలకు హెడ్మాస్టరు చంద్రమౌళి గారు పరిగెత్తుకొచ్చారు.

ఉష ఇన్నాళ్ళకు నోరు తెరిచింది. “ఇంకా ఉప్పేస్తే, టీచర్?”

“ఇంకా బాగా వెలుగుతుంది.”

తల ఊపి కూర్చుంది. దీనితో సారీ చెప్పినట్టే అయింది, ఒక విధంగా.

ఈ ప్రయోగాన్నే 28న మండల సైన్సు మేళాకు తీసుకెళ్ళమన్నారు చంద్రమౌళి గారు. ఉష చేత చేయిస్తాను.

ఫిబ్రవరి 14

పెదకాపు పోలేరయ్య స్వయంగా స్కూలుకు వచ్చాడు! ఈ కుప్పంలో ఆయన మాటంటే మాటే. ఊరిపెద్దలైన కాపులంతా కూర్చుని దురాయి వేశారంటే ఆ ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. అలాంటి మనిషి నాకు దండం పెట్టినంత పని చేశాడు.

“టీచరమ్మా, నువ్వు చెప్పినావంటనే ఉప్పు సంగతి. పిల్లకాయలు కమ్మీ కాడ ఉప్పు పోసి, సముద్రం నీళ్ళు తెచ్చి పోసినారు. గుడి కాడ లైట్లు చూడు, పట్టపగల్లే ఉండాయి.”

ఇంటికొకరి చొప్పున వంతు పెట్టుకున్నారట. సాయంత్రం లైట్లు వేసే వేళకు వంతు ఇంటి పిల్లో పిల్లాడో బిందెతో సముద్రం నీళ్ళు తెచ్చి కమ్మీ మొదట్లో పోయాలి. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు తీసుకుని ఊళ్ళ మీదికి పోతారు. మిగిలేది పిల్లలే మరి.

పోలేరయ్య పంపిన వంజరం చేప ముక్కలు వేయించుకుని తిన్నాను. కోవూరులో మా నాన్నకు ఫోను చేసి చెప్పాను. పుస్తకంలో పాఠం ఊరికి పనికిరావడమంటే ఇదే కదా నాన్నా అన్నాను. ఆయన వరికోత మిషను చప్పుడులో సరిగా వినలేదు.

ఫిబ్రవరి 17

సుబ్బు పోలేరయ్య మనవడు. నోటికి తాళం ఉండదు. ఇవాళ ఇంటర్వెల్లులో చెప్పాడు.

“కమ్మీ కాడికి పోతే కాళ్ళు జివ్వుమంటాయి టీచర్. చీమలు పాకినట్టుంటాది. ఎవురు బాగా దగ్గరికి పోతే ఆ పొద్దుకు వాళ్ళే కాపు.”

ఆట! వీళ్ళు దాన్ని ఆటగా పెట్టుకున్నారు. వట్టి కాళ్ళతో, తడి ఇసుకలో.

క్లాసులోకి పిలిచి అందరికీ గట్టిగా చెప్పాను. సెల్లు కరెంటు వేరు, స్తంభం కరెంటు వేరు. సెల్లును ముట్టుకుంటే ఏమీ కాదు, అది ముట్టుకుంటే మనిషి పోతాడు. ఎవరూ ఆ దరిదాపులకు పోవద్దు. సరే టీచర్ అన్నారు.

చెప్పాను. నా వంతు నేను చెప్పాను కదా.

ఫిబ్రవరి 18

వాళ్ళు సరే అన్నారు. కానీ నిన్న సాయంత్రం వంతు కరుణాకుమారి వాళ్ళింటిదట, ఆ పిల్ల వెళ్ళి పోసిందట. “మా అమ్మ పొమ్మనింది టీచర్” అంది. తొమ్మిదేళ్ళ పిల్ల నా మాట వినాలా, వాళ్ళమ్మ మాట వినాలా?

చంద్రమౌళి గారితో చెప్పాను. ఆయన తలుపు దగ్గరకు వేశారు.

“వాణి గారూ, తీగ మన బాక్సులోంచి పోతోంది. లాక్కోమన్నది నేనే. పైకి రాస్తే మొదట నా మెడకు, తర్వాత ఊరి మెడకు. కాపులు దురాయి వేస్తే రేపట్నుంచి ఒక్క పిల్లాడు బడికి రాడు. వచ్చే నెల్లో గంగమ్మ జాతర. అదయ్యాక నిదానంగా చూద్దాం.”

నిజమే. మేళా కూడా ఉంది. మేళా కాగానే పోలేరయ్యతో నేనే మాట్లాడతాను. ఈ కాస్త రోజుల్లో ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఏమైంది?

ఫిబ్రవరి 21

లైన్‌మేన్ రాజ్ కుమార్‌కు ఫోను చేశాను. “న్యూట్రల్ తీగ ఎస్టిమేటులో ఉంది మేడం. కమ్మీ అంటారా, నేను చూడలేదు మేడం. చూసినానంటే తీసెయ్యాల. తీసేస్తే జాతర ముందు నన్ను ఊళ్ళో అడుగు పెట్టనిస్తారా?”

చూడకపోవడం అందరికీ బాగా చేతనైంది. నాతో సహా.

ఫిబ్రవరి 24

ఎండలు ముదిరాయి. ఇసుక పొద్దున్నే పొడారిపోతోంది. వంతుకు ఒక బిందె చాలడం లేదట.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మేళాలో రెండో బహుమతి వచ్చింది. ఉష గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జడ్జి ఒకాయన, “ఇది ఎక్కడ పనికొస్తుందమ్మా?” అని అడిగాడు. “మా ఊళ్ళో లైట్లకు సార్” అంది. ఆయన నవ్వి చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది. నా చేతులు లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే. కప్పు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు బయటికి చూసింది ఉష. తర్వాత అంది:

“టీచర్, మొన్న మా వంతు పొద్దు బిందె కమ్మీకి తగిలింది.”

“ఆఁ?”

“చేతులు రెండూ పట్టేసినాయి. అరుద్దామంటే గొంతు రాలా. బిందె అదే జారి పడింది. నేనూ పడినా.” కప్పు గట్టిగా పట్టుకుని, “అవ్వకు చెప్పొద్దు టీచర్. మళ్ళా వంతు ఎవురు పోస్తారు?” అంది.

స్టీలు బిందె. తడి చేతులు. వట్టి కాళ్ళు. అది జారకపోయి ఉంటే ఈ పాటికి నేను ఏ మొహంతో, ఏం రాస్తూ ఉండేదాన్ని?

రాయలేను ఇంక.

మార్చి 1

పోలేరయ్య దగ్గరికి వెళ్ళాను. పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

“పెద్దాయనా, ఆ కమ్మీ తీసెయ్యండి. పిల్లలు చచ్చిపోతారు.”

“ఉప్పెయ్యమని చెప్పింది నువ్వే గదమ్మా?”

“గ్లాసులో నీళ్ళకు చెప్పాను. స్తంభం కరెంటుకు కాదు.”

“కరెంటు కరెంటే గదా?” ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. “కమ్మీ పాతిన కాడ్నించి చూస్తా ఉండాం. కోడిపిల్లకన్నా ఏమన్నా అయిందా? తుఫాను పోయినాక నెల పొద్దులు చీకట్లో ఉన్నాం, ఒక్క ఆఫీసరన్నా వచ్చినాడా? జాతర ఏడో తేదీ. తల్లి చీకట్లో ఊరేగాల్నా?”

“పోనీ పెద్దవాళ్ళు పోయండి. రబ్బరు చెప్పులేసుకుని, ప్లాస్టిక్ బకెట్‌తో...”

“గంగమ్మ లైట్లకు పోసే నీళ్ళమ్మా అయి. చెప్పులతో పోస్తామా? పసిబిడ్డలు పోస్తేనే తల్లికి ఇష్టం.”

రెండు వారాల్లో అది మొక్కైపోయింది! నేను వేసిన చిటికెడు ఉప్పు మీద గుడి కట్టేశారు. ఇక దానికి చెప్పులు విప్పి దండం పెట్టడమే మిగిలింది.

లేచి వస్తుంటే అడిగాను, జాతర రోజు వంతు ఎవరిదని.

“మాలకొండమ్మ ఇంటిది” అన్నాడు.

మార్చి 3

ఇవాళ పాఠం మళ్ళీ చెప్పాను. మొదట తడి ఇసుక. ఇసుకలోంచి కరెంటు పోయి ఎల్ఈడీ వెలిగింది. తర్వాత, పొద్దున అవ్వ బుట్టలోంచి కొన్న కానాగంత చేపను పళ్ళెంలో పెట్టాను. ఒక వైరు నోటి దగ్గర గుచ్చాను, ఒకటి తోక దగ్గర.

బల్బు వెలిగింది. సన్నగా, కానీ వెలిగింది.

పిల్లలు నవ్వారు. చేప తీగైపోయింది టీచర్ అన్నాడు సుబ్బు. ఉష నవ్వలేదు. దగ్గరికొచ్చి చేపను చూసింది, బల్బును చూసింది. “చేపలో ఉప్పుండాదా టీచర్?” అంది.

“ఉంది. మనలో కూడా ఉంది. చెమట నాకి చూడు.”

ముంజేతి మీద నాలుక పెట్టి చూసుకుంది.

మార్చి 5

అవ్వకు చెప్పేశాను. చెప్పొద్దంది పిల్ల, అయినా చెప్పేశాను. బిందె సంగతి వినగానే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒప్పుకుంటుందనుకున్నాను.

“నా కొడుకు సముద్రం మీద ఉండాడు టీచరమ్మా. జాతర పొద్దు గంగమ్మ వంతు నా ఇంటిది. ఎగ్గొడితే వాడికేమన్నా అయితే? నేనే పోద్దును, ముసలిదాన్ని ఒద్దంటారు. కాపులు తప్పు వేస్తే డబ్బు కట్టుకుంటా, తల్లి తప్పు వేస్తే దేంతో కట్టేది?”

ఉష అవ్వ వెనక నిలబడి ఉంది. “దూరం నుంచి పోస్తాలే టీచర్” అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తగ్గడం లేదు.

మార్చి 6

చంద్రమౌళి గారు సెలవు పెట్టి నెల్లూరు వెళ్ళారు. జాతరకు ముందు రోజే ఆయనకు నడుం నొప్పి వచ్చింది.

సరే. నేను జాతరకు పోను. గదిలోనే ఉంటాను. చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పాను.

మార్చి 8, శనివారం పొద్దున

గదిలో ఉండలేకపోయాను.

నిన్న పొద్దుగుంకే వేళకు డప్పులు మొదలయ్యాయి. గుడి నుంచి సముద్రం దాకా సీరియల్ బల్బులు, మైకు సెట్టు, కొత్తగా తెచ్చిన పెద్ద పెద్ద ఫోకస్ లైట్లు. మామూలుగా ఉండే లైట్లకు ఎన్ని రెట్లో. అదంతా తిరిగి పోవాల్సింది ఆ ఒక్క కమ్మీలోంచి. స్కూలు వెనక్కి పరిగెత్తాను. కమ్మీ చుట్టూ ఇసుక ఆవిరి కక్కుతోంది. నిజంగా ఆవిరే. పొయ్యి మీద ఎసరులా.

ఉష వస్తోంది. తలంటు పోసి, పసుపు రాసి, కొత్త పావడా కట్టారు. జుట్టు తడి, బట్టలు తడి, నెత్తిన స్టీలు బిందె, కాళ్ళకు చెప్పుల్లేవు. వెనక ఆడవాళ్ళు, డప్పులు.

“ఉషా! ఆగు! అక్కడే ఆగు!”

డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? చేతులూపాను. దీవిస్తున్నాననుకున్నారో ఏమో, ఒకావిడ నాకు ఎదురు దండం పెట్టింది. అడ్డంగా పోయి పట్టుకుందామంటే, నాకూ ఆ పిల్లకూ మధ్య ఉన్నది ఆ తడి ఇసుకే. ఉష నన్ను చూసింది. చూసి, భయంలేదు అన్నట్టు తలూపి అడుగు వేసింది. దూరం నుంచే పోద్దామని చూసింది కానీ, వెనకనున్నవాళ్ళు “ముందుకు పోవే, మొదట్లో పొయ్యి” అని తోస్తున్నారు.

వరండాలోకి ఎలా వచ్చానో తెలియదు. బాక్సు తెరిచి ఫ్యూజు పట్టుకుని లాగాను.

ఊరంతా ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే గంగమ్మను గుడి గడప దాటించారట. మైకు ఆగింది, డప్పులు ఆగాయి. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అరుపులు మొదలయ్యాయి. ఎవరో టార్చిలైటు నా మొహాన వేశారు. ఫ్యూజు నా గుప్పిట్లో ఉంది. ఇవ్వమన్నారు, ఇవ్వలేదు. తిట్టారు, పడ్డాను. ఒకడు చెయ్యి విరిచి లాక్కుందామని మీదికొస్తే అవ్వ అడ్డం వచ్చింది. చివరికి పెట్రోమాక్సు లైట్లు తెప్పించి తల్లిని ఊరేగించారు.

చీకట్లో ఉష నా పక్కనే నిలబడి ఉంది. బిందె నిండుగానే ఉంది.

కాసేపట్లో కాపులు కూర్చుంటారట. రమ్మని కబురొచ్చింది.

అదే రోజు, సాయంత్రం

పడవల దగ్గర కూర్చున్నారు. ఊరు ఊరంతా వచ్చింది. పోలేరయ్య నా వైపు చూడకుండా మాట్లాడాడు.

“తల్లి గడప దాటే ఏళకు చీకటి చేసినావు. ఎవురికేమయిందని?”

“ఏమీ కాకూడదనే పెద్దాయనా.”

“కాలేదు గదా మరి?” అన్నారు వెనక నుంచి ఎవరో. నవ్వులు. నాకు ఏడుపొచ్చింది. ఏమీ కాలేదన్నదే నా మీద నేరం. ఏమైనా అయ్యుంటే నా మాట నమ్మేవాళ్ళు. ఆ నమ్మకం నాకు వద్దు, దండం.

టీచరమ్మ ఊరు విడిచి పోవాల, అంతదాకా పిల్లల్ని బడికి పంపకూడదు అని ఒకరన్నారు. తప్పు కట్టాల అని ఇంకొకరన్నారు. పోలేరయ్య చెయ్యెత్తి ఆపాడు.

“ఉషమ్మా, ఇట్రా. వంతు నీది. నువ్వు చెప్పు. ఈ టీచరమ్మ రెండు తీగలు కావాలంటాది. ఇన్నాళ్ళు ఒక్క తీగతో లైట్లు ఎలిగినాయా లేదా?”

“ఎలిగినాయి తాతా.”

“ఇన్నారు గదా?”

ఉష అక్కడే నిలబడింది. ఆ పిల్ల అలవాటే అది, మాట పూర్తి కాందే కూర్చోదు.

“రెండో తీగ కూడా ఉండాది తాతా. మేమే. వంతుకు పోయినోళ్ళం. చేపలో పోయినట్టే మా కాళ్ళల్లో పోతా ఉండాది. నాకు చేతులు కూడా పట్టేసినాయి. ఆ పొద్దు బిందె జారింది గాబట్టి ఉండా.”

పిల్లల గుంపులోంచి కరుణాకుమారి, “నాక్కూడా జివ్వుమనింది” అంది. ఇంకో పిల్లాడు, నాకూ అన్నాడు. ఇంకొకడు. ఆడవాళ్ళు ఎవరి పిల్లల్ని వాళ్ళు వెతుక్కుంటున్నారు.

“అది ఆట తాతా” అన్నాడు సుబ్బు, తప్పు చేసినవాడిలా. “దగ్గరికి పోయినోళ్ళు కాపు. రోజూ నేనే కాపు.”

పోలేరయ్య మనవణ్ణి చూశాడు. “ఎంత దగ్గరికి పోతావురా?”

సుబ్బు వంగి, ఇసుక మీద అరచెయ్యి పరిచి చూపించాడు. ఒక జానెడు.

పోలేరయ్య ఆ జానెడునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత సుబ్బును దగ్గరకు లాక్కుని, వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని ఇసుక తుడిచాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తుడుస్తూనే ఉన్నాడు. నా తప్పు ఎంతో ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరే లేచి పోయారు.

మధ్యాహ్నం ఆయనే పలుగు తీసుకుని వచ్చాడు. “ఫ్యూజు నీ దగ్గిరే ఉండాది గదమ్మా?” అని రెండు సార్లు అడిగి, నేను గుప్పిట తెరిచి చూపించాకే కమ్మీని ముట్టుకున్నాడు. పెకలించి భుజాన వేసుకుని పోతూ, రాజ్ కుమార్ నంబరు అడిగాడు. న్యూట్రల్ తీగ వేసేదాకా ఆఫీసు ముందు కూర్చుంటామన్నాడు.

ఉష ఆ గుంటను ఇసుకతో పూడ్చి కాలితో తొక్కుతోంది. చెప్పులేసుకుని ఉంది.

“ఆ రోజు నువ్వు చెప్పిందే రైటు ఉషా. నేను నవ్వకుండా ఉండాల్సింది. సారీ” అన్నాను. క్లాసులో సగం మంది అక్కడే ఉన్నారు.

“మీరు చెప్పింది కూడా రైటే టీచర్” అంది.

చీకటి పడింది. ఎవరింట్లోనూ లైటు లేదు. అవ్వ కొవ్వొత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టింది, దాని వెలుగులోనే ఇది రాస్తున్నాను. ఇవాళ వంతు ఎవరిదని ఊళ్ళో ఎవరూ అడగలేదు.